సఫ్రాన్‌బొలు నుంచి బుర్సా దాకా: టర్కీ పాత ఊళ్లు సొంతంగా చూసి రావడానికి పది రోజుల దారి

టర్కీ టూరు అనగానే బ్రోషర్‌లో మూడే బొమ్మలు కనిపిస్తాయి: ఇస్తాంబుల్ మసీదు, కప్పడోకియా బెలూన్లు, పముక్కలె తెల్ల రాళ్లు. ఆ మూడింటినీ వారంలో చుట్టబెట్టాలనుకునేవాళ్లకు ఈ మార్గదర్శి పనికిరాదు. ఒట్టోమాన్ కాలం నాటి చెక్క ఇళ్లు, వర్తకుల సత్రాలు, కంసాలి, కమ్మరి వీధులు ఉన్న ఊళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. జనం ఇప్పటికీ వాటిలో కాపురం ఉంటున్నారు. సఫ్రాన్‌బొలు, ఎస్కిషెహిర్‌లోని ఒదున్‌పజారి పేట, బుర్సా, దాని పక్కనున్న జుమాలికిజిక్ పల్లె అలాంటివే. గైడు లేకుండా బస్సుల్లో, రైల్లో ఈ నాలుగూ తిరిగి రావడం ఎలాగో కింద ఉంది.

వీసా వస్తుందా, కార్డు పనిచేస్తుందా, ఓటీపీ అందుతుందా, తినడానికి ఏమైనా దొరుకుతుందా, భూకంపం వస్తే ఏం చేయాలి? ఈ దిగుళ్లలో సగం ఇల్లు దాటకముందే తేల్చుకోవచ్చు. మిగతా సగం ఏ వారం ఏ ఊళ్లో ఉంటారన్న దాన్ని బట్టి తేలతాయి. అందుకని ముందు రోజుల లెక్క చూసుకోండి, టికెట్ల సంగతి తర్వాత.

రోజుల లెక్క

ఆదివారం ఇస్తాంబుల్‌లో దిగేలా చూసుకోండి. సోమవారం పొద్దున బస్సెక్కి సఫ్రాన్‌బొలు చేరి అక్కడ మూడు రాత్రులు ఉండండి. గురువారం అంకారా వెళ్లండి. శుక్రవారం పొద్దున అక్కడి మ్యూజియం చూసి, మధ్యాహ్నం హైస్పీడ్ రైల్లో ఎస్కిషెహిర్ చేరండి. శనివారం ఒదున్‌పజారికి సరిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం బస్సులో బుర్సా, సోమవారం పొద్దున జుమాలికిజిక్, మంగళవారం పడవ మీద ఇస్తాంబుల్. వెళ్లిన దారిలో తిరిగి రావాల్సిన పని లేదు.

ఆదివారమే దిగమనడానికి కారణం ఉంది. సఫ్రాన్‌బొలుకు శని, ఆదివారాల్లో ఇస్తాంబుల్, అంకారాల నుంచి జనం విరగబడతారు. గదుల రేట్లు పెరుగుతాయి, సందుల్లో కాలు పెట్టే చోటుండదు. మంగళ, బుధవారాల్లో అదే వీధిలో కమ్మరి సుత్తి చప్పుడు ఈ చివరి నుంచి ఆ చివరికి వినిపిస్తుంది. జుమాలికిజిక్‌దీ అదే కథ. ఆదివారం అది పల్లెలా ఉండదు, టిఫిన్ తిరునాళ్లలా ఉంటుంది. టర్కీలో చాలా మ్యూజియంలకు సోమవారం సెలవు. ఈ లెక్కలో మొదటి సోమవారం బస్సులో, రెండోది పల్లెలో గడిచిపోతుంది కాబట్టి ఏమీ నష్టపోరు.

రంజాన్ బాయ్‌రమ్, కుర్బాన్ బాయ్‌రమ్ (మన రంజాన్, బక్రీద్) వారాలను మాత్రం తప్పించండి. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే ఇస్తాంబుల్ ఖాళీ అవుతుంది. బస్సు సీట్లు దొరకవు, మొదటి రోజు కొట్లు తెరవరు. ఈ పండుగలు చంద్రుడి లెక్కన ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి కాబట్టి, టికెట్ తీసుకునే ముందు ఆ ఏడాది తేదీలు చూసుకోండి. వాతావరణం కలిసొచ్చేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మళ్లీ సెప్టెంబరు నుంచి నవంబరు మొదటి వారం దాకా. కుంకుమపువ్వు పూత చూడాలంటే అక్టోబరు చివర, నవంబరు మొదట వెళ్లాలి.

వీసా

భారత పాస్‌పోర్టుకు వీసా తప్పదు. అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్, షెంగెన్ (ఒకే వీసా చెల్లే యూరప్) దేశాల్లో ఏదో ఒకదాని చెల్లుబాటయ్యే వీసా గానీ నివాస అనుమతి గానీ ఉంటే ఆన్‌లైన్‌లోనే ఈ-వీసా వస్తుంది. ఒకసారి ప్రవేశం, 30 రోజులు. అవి లేనివాళ్లు దరఖాస్తు కేంద్రం ద్వారా పాస్‌పోర్టులో అంటించే వీసా తీసుకోవాలి. దానికి ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందే కదలండి.

ఇక్కడ ముఖ్యంగా మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. ఒకటి, నకిలీ సైట్లు. వెతకగానే పైన కనిపించేవాటిలో చాలావరకు రెండింతలు వసూలు చేసే దళారులవే. అసలు సైటు చిరునామా చివర టర్కీ ప్రభుత్వ డొమైన్ ‘గవ్ డాట్ టీఆర్’ ఉంటుంది, చూసి మరీ డబ్బు కట్టండి. రెండు, ఆధారంగా చూపే వీసా కూడా ఎలక్ట్రానిక్‌దైతే ఒప్పుకోరు. మూడోది అమెరికాలో హెచ్‌1బీ మీదున్న మనవాళ్లకు తరచూ తగిలేది. పొడిగింపు ఆమోదపత్రం చేతిలో ఉంటుంది, పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు మాత్రం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఆ ఆమోదపత్రం వీసా కాదు. టర్కీ ఈ-వీసాకు పనికిరాదు, పైగా ముద్ర కొత్తగా వేయించుకోకుండా అమెరికా తిరిగి వెళ్లడమే కష్టమవుతుంది. గ్రీన్‌కార్డుతో ఆ ఇబ్బంది లేదు. అమెరికా పాస్‌పోర్టున్నవాళ్లకు 2024 నుంచి పర్యటన వీసా అక్కర్లేదు. ఒకే ఇంట్లో భార్యదొక పాస్‌పోర్టు, భర్తదొకటి అయితే ఎవరి నియమం వాళ్లకు విడిగా చూసుకోండి.

2025 మే తర్వాత రెండు దేశాల మధ్య పొసగక మన దగ్గర చాలా ట్రావెల్ సంస్థలు టర్కీ ప్యాకేజీలు అమ్మడం ఆపేశాయి. సొంతంగా వెళ్లేవాళ్లను ఇది ఆపదు గానీ, విమాన టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కొచ్చే రకమే తీసుకోండి. మన విదేశాంగ శాఖ సూచనలు ఒకసారి వీసా ముందు, ఇంకోసారి బయల్దేరే వారం చదవండి.

డబ్బు

లిరాల్లో ధరలు ఇక్కడ రాసినా మీరు వెళ్లేసరికి చెల్లవు. 2022 అక్టోబరులో అధికారిక లెక్క ప్రకారమే ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. ఇప్పుడు తగ్గినా పాత బ్లాగుల్లోని అంకెలేవీ పనికిరావు. అన్నిటికన్నా పెద్ద నోటు 200 లిరాలు, 2025 రేటు ప్రకారం అది ఐదు డాలర్లకు అటూ ఇటూ. అందుకే పర్సు ఎప్పుడూ ఉబ్బి ఉంటుంది.

మన యూపీఐని నమ్ముకుని బయల్దేరకండి. రెండు వేర్వేరు బ్యాంకుల వీసా లేదా మాస్టర్‌కార్డులు తీసుకుని, విడివిడి సంచుల్లో పెట్టుకోండి. రిజర్వు బ్యాంకు 2020 నియమం ప్రకారం మన కార్డుల్లో విదేశీ వాడకం మొదట్లో ఆపి ఉంటుంది. బ్యాంకు యాప్‌లో దుకాణం, ఏటీఎం, ఆన్‌లైన్ మూడూ విడివిడిగా తెరవాలి. ఏటీఎం మీట మరచిపోయి, కార్డు దుకాణంలో నడుస్తూ ఏటీఎంలో నడవక తలపట్టుకునేవాళ్లు చాలామంది.

ఏటీఎం తెర మీద రెండు ప్రశ్నలు వస్తాయి. మొదటిది రుసుము ఎంతో చెప్పి ఒప్పుకుంటారా అని. ఎక్కువనిపిస్తే రద్దు కొట్టి పక్క బ్యాంకు ఏటీఎంకు వెళ్లండి, తేడా బాగా ఉంటుంది. రెండోది మీ ఖాతాలో కోత రూపాయల్లో చూపమంటారా, లిరాల్లోనా అని. ఎప్పుడూ లిరాలే. రూపాయలు నొక్కితే మారకపు రేటు ఆ యంత్రం పెడుతుంది, మీ బ్యాంకు కాదు. హోటల్లో, కొట్లో కార్డు గీసినప్పుడూ ఇదే ప్రశ్న వస్తుంది. అమ్మేవాడు మిమ్మల్ని అడక్కుండానే నొక్కేయవచ్చు, అందుకని తెర మీ వైపు తిప్పమనండి. డాలర్లు, యూరోలు మార్చుకోవాలంటే ఎయిర్‌పోర్టులో బస్సు, టీ ఖర్చుకు సరిపడా మార్చి, మిగతాది ఊళ్లో ‘దోవిజ్’ బోర్డున్న కొట్లోనో, పీటీటీ పోస్టాఫీసులోనో మార్చుకోండి.

మ్యూజియం పాస్ ఈ దారికి దండగ. విదేశీయులకు పెద్ద స్థలాల టికెట్లు యూరోల లెక్కన పెట్టారు. 2024లో ఎఫెసస్ పురాతన నగర శిథిలాలకు 40 యూరోలు. అలాంటివి నాలుగైదు చూసేవాళ్లకు పాస్ గిట్టుబాటు. పాత ఊళ్లలో మీరు చూసేది వీధులు, మసీదులు, సత్రాలు. వాటిలో చాలావరకు ఉచితం.

ఫోను

రెండు సిమ్ములు ఉండాలి. మన దేశపు సిమ్ము రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ అందేలా పెట్టుకోండి, డేటా ఆపేయండి. అది ఓటీపీ కోసమే. ఆ నంబరు మూగబోతే టర్కీలో ఆన్‌లైన్ బస్సు టికెట్ కూడా కొనలేరు. డేటాకు ఈ-సిమ్ అయితే విమానం ఎక్కకముందే కొని, ఫోన్లో ఎక్కించేయండి. 2025 జులైలో టర్కీ పలు విదేశీ ఈ-సిమ్ కంపెనీల సైట్లను తన దేశంలో తెరుచుకోకుండా ఆపింది, దిగాక కొందామంటే పేజీయే రాకపోవచ్చు. అక్కడి సిమ్ము కొనాలంటే పాస్‌పోర్టు కావాలి. ఎయిర్‌పోర్టు కౌంటర్లో కన్నా ఊళ్లో కంపెనీ దుకాణంలో చవక. విదేశీ ఫోన్లో అక్కడి సిమ్ము వేస్తే 120 రోజుల తర్వాత నమోదు చేయించాలంటారు, పది రోజుల వాళ్లకు ఆ బెంగ లేదు.

హోటళ్లు కూడా ఇంటి దగ్గరే బుక్ చేసుకోండి. 2017 నాటి కోర్టు తీర్పుతో బుకింగ్.కామ్‌లో టర్కీ లోపల ఉండి టర్కీ హోటల్ బుక్ చేయడం ఆగిపోయింది. రాజకీయ ఉద్రిక్తత ఉన్నప్పుడు వాట్సాప్ లాంటివి నత్తనడక నడుస్తాయి, 2025 మార్చిలో ఇస్తాంబుల్‌లో అలాగే జరిగింది. ఒక రోజు మెసేజ్ రాకపోతే కంగారు పడొద్దని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. టర్కిష్ అనువాదం ప్యాక్, మ్యాపు రెండూ ఫోన్లో దింపుకోండి.

అక్షరాల గురించి ఒక ముక్క. టర్కిష్‌ను ఇంగ్లిష్ లిపి లాంటి లిపిలో రాస్తారు గానీ చదివే తీరు వేరు. ‘సి’ అక్షరాన్ని ‘జ’ అంటారు, దాని కింద తోకుంటే ‘చ’. ‘ఎస్’ కింద తోకుంటే ‘ష’. ‘జి’ మీద నెలవంక లాంటి గుర్తుంటే దాదాపు పలకరు. కాబట్టి మసీదును ‘జామి’ అనాలి, ‘కామి’ అంటే డ్రైవరుకు అర్థం కాదు.

బస్సు

ఇస్తాంబుల్ నుంచి సఫ్రాన్‌బొలు సుమారు 400 కిలోమీటర్లు, ఆరేడు గంటలు. ఎసెన్‌లెర్ పెద్ద బస్టాండుకు ఎం1 మెట్రో, అలిబేకోయ్ చిన్న బస్టాండుకు ఎమినోను వైపు నుంచి టీ5 ట్రామ్ వెళతాయి. సామానుతో అలిబేకోయ్ తేలిక. బస్సు అక్కడ ఆగుతుందో లేదో టికెట్ కొనేటప్పుడు చూడండి. సఫ్రాన్‌బొలుకు నేరుగా సీటు దొరక్కపోతే కరాబుక్‌కు తీసుకోండి. అది జిల్లా కేంద్రం, అక్కడి నుంచి మినీబస్సులు వస్తూ పోతూనే ఉంటాయి.

టికెట్‌కు పాస్‌పోర్టు నంబరు, ఆడా మగా అన్న వివరం తప్పనిసరి. ఇది ఊరికే అడగరు. ముక్కూ మొహం తెలియని ఆడ, మగ మనుషులను చాలా కంపెనీలు పక్కపక్క సీట్లలో కూర్చోబెట్టవు. దంపతులు విడివిడిగా టికెట్లు కొంటే రెండో సీటు ఇవ్వనని సైటు మొరాయించేది ఇందుకే. ఇద్దరివీ ఒకే లావాదేవీలో కొనండి. ఒంటరిగా వెళ్లే మహిళలకు ఈ పద్ధతి ఎంతో నయం. సీట్లు ఒకవైపు రెండు, ఒకవైపు ఒకటి ఉంటాయి. ఒంటరివాళ్లు ఆ ఒక్క సీటు వరుసే తీసుకోండి.

బస్సులో సహాయకుడు నీళ్లు, టీ, చిన్న కేకు ఇస్తాడు, డబ్బు అడగడు. టాయిలెట్ మాత్రం ఉండదు. రెండు మూడు గంటలకోసారి దారి పక్క విశ్రాంతి కేంద్రం దగ్గర ఆపి, ఎన్ని నిమిషాలో టర్కిష్‌లో చెబుతారు. అర్థం కాకపోతే గడియారం చూపించి అడగండి. దిగగానే బస్సు నంబరు ప్లేటు ఫోటో తీసుకోండి. ఒకే కంపెనీ బస్సులు ఒకేలా నాలుగు నిలబడి ఉంటాయి, మీది మీకోసం వెతకదు. టాయిలెట్ తలుపు మీద ‘బాయ్’ అంటే మగవాళ్లకు, ‘బయాన్’ అంటే ఆడవాళ్లకు. చిల్లర దగ్గరుంచుకోండి.

ఊళ్లలో తిరిగే షేర్ మినీబస్సును దోల్‌ముష్ అంటారు. డబ్బు ముందున్నవాళ్ల చేతికిస్తే చేతులు మారి డ్రైవరుకు చేరుతుంది, చిల్లర అదే దారిలో వెనక్కొస్తుంది. దిగాలంటే ‘ముసాయిత్ బిర్ యెర్దె ఇనెజెక్ వార్’ అని గట్టిగా అనాలి. వీలైన చోట దిగేవాళ్లున్నారని అర్థం. మన ఆటోల్లో ‘ఇక్కడ ఆపన్నా’ అన్నట్టే.

సఫ్రాన్‌బొలు

పెద్ద బస్సులు పైన కిరాన్‌కోయ్‌లోని కొత్త ఊరి వైపు దింపుతాయి. 1994లో యునెస్కో గుర్తించిన పాత ఊరు చార్షి కింద లోయలో ఉంది, సుమారు రెండు కిలోమీటర్లు. మినీబస్సో టాక్సీయో ఎక్కండి. వీధులన్నీ గుండ్రాళ్లు పరిచిన వాలు దారులు, చిన్న చక్రాల సూట్‌కేసు అక్కడ చక్రం ఊడి కూర్చుంటుంది. వీపున తగిలించుకునే సంచి మేలు. టాక్సీ కూడా చాలా ఇళ్ల గడప దాకా రాదు.

ఉండాల్సింది కొనాక్‌లో, అంటే హోటల్‌గా మార్చిన పాత భవంతిలో. బుక్ చేసే ముందు నాలుగు సంగతులు రాసి అడగండి: గది ఎన్నో అంతస్తు, మెట్లు ఎంత నిటారుగా ఉంటాయి, స్నానాలగది గదిలోనే ఉందా, చలికాలమైతే వేడి ఎలా వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళితే కింది అంతస్తు గది కావాలని పట్టుబట్టండి. ఆ కాలపు ఇళ్లలో కింది అంతస్తు రాయి, అక్కడ పశువులు, ధాన్యం ఉండేవి. పై అంతస్తులు చెక్క చట్రంలో పచ్చి ఇటుక నింపి మట్టితో మెత్తినవి, వీధి మీదికి ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి.

గదిలోకి వెళ్లాక బీరువాలాంటి చెక్క తలుపు తెరిస్తే లోపల షవరు కనిపించవచ్చు. హోటల్ వాళ్లు చేసిన మాయ కాదది, ఆనాటి ఏర్పాటే. ప్రతి గదీ ఒక కాపురం కాబట్టి అల్మరాలోనే స్నానానికి చోటు కట్టేవారు. నీళ్లు బయటికి చిమ్మితే కింది గది చెక్క కప్పు తడుస్తుంది, తలుపు మూసే స్నానం చేయండి. చెప్పులు బయట గడప దగ్గరే వదలాలి. ఇది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగానే చెప్పాలి. మనవాళ్ల సూట్‌కేసులో బుల్లి రైస్ కుక్కరో, నీళ్లు కాచే రాడ్డో ఉంటుంది. చెక్క ఇంట్లో దాన్ని పెట్టకండి. పాత వైరింగ్, ఎండిన దూలాలు, పక్కింటి గోడ చేయి చాపితే అందేంత దగ్గర. 2025 జనవరి 21న బోలు ప్రాంతంలోని కర్తల్‌కయ స్కీ హోటల్లో అగ్ని ప్రమాదం 78 మందిని బలిగొంది. ఏ బసలో దిగినా గదికి వెళ్లగానే రెండో దారి ఎటుందో నడిచి చూసి రండి. వేడినీళ్లు కావాలంటే అడగండి, టీ అయితే అడగకుండానే ఇస్తారు. ప్లగ్గు సంగతి: మన ఫోన్ చార్జర్ల సన్న రెండు పిన్నులు అక్కడ పడతాయి, లావు మూడు పిన్నులు పట్టవు.

మొదటి సాయంత్రం హిదిర్‌లిక్ గుట్ట ఎక్కితే ఊరి పటం కళ్లకు కట్టినట్టుంటుంది. ఎర్ర పెంకుల కప్పులు, జింజి హాన్ అనే 17వ శతాబ్దపు రాతి సత్రం, 1661 నాటి కోప్రులు మెహ్మెత్ పాషా మసీదు. రెండో రోజు పొద్దున ఎనిమిదిన్నరకల్లా కమ్మరి వీధికి వెళ్లండి, టూరు బస్సులు పదిన్నరకు వస్తాయి. తర్వాత కయ్‌మకామ్‌లర్ ఇల్లు. లోపల మగవాళ్ల భాగం నుంచి ఆడవాళ్ల భాగానికి పళ్లేలు అందించే తిరుగుడు అల్మరా వెతికి చూడండి. అవతల చేయి ఎవరిదో కనిపించకుండా అన్నం మాత్రం వస్తుంది! మధ్యాహ్నం జింజి హమామ్, అంటే పాతకాలపు ఆవిరి స్నానాల ఇల్లు. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరు భాగాలు. నడుముకు చుట్టుకునే గళ్ల గుడ్డ వాళ్లే ఇస్తారు. ‘కెసె’ అంటే గరుకు తొడుగుతో రుద్దడం, ‘కోపుక్’ అంటే సబ్బు నురగ. ఏది కావాలో, ఎంతో లోపలికి వెళ్లకముందే మాట్లాడుకోండి.

మూడో రోజు టాక్సీ మాట్లాడుకుని ఇంజెకయ నీటి వంతెన, తొకాత్‌లి లోయ, అక్కడి నుంచి యోరుక్ పల్లె. పల్లెలో ఊరుమ్మడి చాకిరేవు ఇంట్లో పన్నెండు పలకల రాతిబండ ఉంది, దాని చుట్టూ నిలబడి బట్టలు ఉతికేవారు. వెళ్లి రావడానికి, ఆగడానికి కలిపి మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకుని ఎక్కండి.

కుంకుమపువ్వు కొనేటప్పుడు

ఊరి పేరే ఈ పువ్వు నుంచి వచ్చింది. ఒక గ్రాముకు సుమారు 150 పూలు కావాలి, ప్రతి పువ్వులో మూడే కేసరాలు, చేత్తోనే తుంచాలి. కాబట్టి చవకగా ఎవరు ఇచ్చినా అది కుంకుమపువ్వు కాదు. బజార్లలో ‘టర్కిష్ కుంకుమపువ్వు’ పేరుతో గుప్పెళ్లతో అమ్మేది అస్పిర్, అంటే మన కుసుమ పువ్వు రేకులు. ఇంకో తమాషా, ‘హింత్ సఫ్రాని’ అని రాసి ఉంటే కంగారుపడి కొనకండి, అది మన వంటింటి పసుపు.

తెల్ల కప్పులో గోరువెచ్చని నీళ్లు పోసి నాలుగు కేసరాలు వేయమనండి. అసలుదైతే రంగు నెమ్మదిగా దిగుతుంది. పది పదిహేను నిమిషాలకు నీళ్లు బంగారు పసుపు రంగుకు వస్తాయి, కేసరం ఎర్రగానే ఉంటుంది. వేయగానే నీళ్లు ఎర్రబడి, పోగు వెలిసిపోయిందంటే రంగద్దిన సరుకు. విడి కేసరాన్ని దగ్గరగా చూస్తే ఒక చివర సన్నన, మరో చివర చిన్న బూర లాగా విచ్చుకుని ఉంటుంది. నాలుక మీద చేదు తగలాలి, తీపి కాదు. పొడి అసలు కొనొద్దు. కోత సంవత్సరం రాసిన మూసిన సీసా, ఒకటి రెండు గ్రాములు, ఇంటికి చాలు.

తిండి

శాకాహారులకు అసలు చిక్కు మాట దగ్గరే వస్తుంది. ‘ఎత్’ అంటే వాళ్ల మనసులో మేక, ఆవు మాంసం. ‘ఎత్సిజ్’, మాంసం లేనిది, అని అడిగితే కోడి ముక్కలతో అన్నం తెచ్చి పెట్టవచ్చు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఇలా అడగండి: ‘ఎత్ యెమియోరుమ్, తవుక్ దా, బాలిక్ దా యెమియోరుమ్’. మాంసం తినను, కోడీ చేపా కూడా తినను. ఎర్ర కందిపప్పు చారులాంటి మెర్జిమెక్ చోర్బా ప్రతి హోటల్లో దొరుకుతుంది గానీ ఎముకల పులుసుతో చేసి ఉండవచ్చు. ‘ఎత్ సుయు వార్ మి?’ అని అడిగి తాగండి. పిలావ్ అన్నానిదీ అదే అనుమానం, చాలాచోట్ల కోడి పులుసులో వండుతారు.

నిశ్చింతగా తినగలిగేవి: జున్నో ఆలుగడ్డో పెట్టి పెనం మీద కాల్చే గోజ్‌లెమె, ఆలివ్ నూనెతో వండి చల్లగా పెట్టే కూరలు, పెరుగు, ఐరాన్. ఐరాన్ అచ్చం మన ఉప్పు మజ్జిగే. గుడ్డు తినేవాళ్లకు టమాటాలతో వండే మెనెమెన్. సఫ్రాన్‌బొలులో జెర్దె వదలకండి, కుంకుమపువ్వు వేసిన అన్నపు పాయసం. కారం తక్కువనిపిస్తే బల్ల మీద పుల్ బిబెర్ ఎర్ర మిరప పలుకులుంటాయి. గుంటూరు నాలుకకు అది అలంకారమే, ఒక చిన్న కారప్పొడి పొట్లం వెంట ఉంటే మంచిది.

అంకారా, ఎస్కిషెహిర్

సఫ్రాన్‌బొలు నుంచి అంకారా బస్సులో మూడు గంటలు. అష్టి బస్టాండు నుంచి అంకరాయ్ లైన్లో కిజిలాయ్, అక్కడ మెట్రో మారి ఉలుస్. అనతోలియా నాగరికతల మ్యూజియం కోట పక్కన రెండు ఒట్టోమాన్ కట్టడాల్లో ఉంది, రెండున్నర గంటలు కేటాయించండి. రైల్వే స్టేషన్ వేరే చోట ఉంది, బస్టాండుతో పొరబడకండి. ఎస్కిషెహిర్ రైలు సుమారు గంటన్నర. ఆ ఊరు విద్యార్థుల ఊరు, శుక్రవారం సాయంత్రం సీట్లు ముందే అయిపోతాయి. మధ్యాహ్నపు రైలు చెప్పింది అందుకే. ఆన్‌లైన్‌లో మన కార్డు పనిచేయకపోతే అంకారా చేరగానే స్టేషన్ కౌంటర్లో పాస్‌పోర్టు చూపించి కొనండి. ఎక్కేముందు సామాను స్కానింగ్ ఉంటుంది, అరగంట ముందుండాలి.

ఒదున్‌పజారికి ఒక పూట చాలు. ఇళ్లు రంగులద్ది ముచ్చటగా ఉంటాయి గానీ, సఫ్రాన్‌బొలు చూసి వచ్చిన కళ్లకు కొంచెం కొత్త పెళ్లికూతురి అలంకారంలా తోస్తుంది. లులెతాషి అనే తెల్లటి మెత్తని రాయిని చెక్కే పనివాళ్లను చూడటానికైనా వెళ్లండి. పూసల దండ తేలిగ్గా ఉండి, తడి వేలికి కాస్త అంటుకున్నట్టుంటే అసలు రాయి.

బుర్సా, జుమాలికిజిక్

బుర్సాలో ఉలు జామి ఇరవై గుమ్మటాల కింద నడిమధ్య నీళ్ల తొట్టి ఉంది, పైన కప్పులోంచి వెలుగు నేరుగా దాని మీద పడుతుంది. నమాజు వేళల్లో, ముఖ్యంగా శుక్రవారం మధ్యాహ్నం, లోపలికి వెళ్లొద్దు. ఆడవాళ్లకు తలగుడ్డ, అందరికీ మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి. పక్కనే 1491 నాటి కోజా హాన్, పట్టుగూళ్ల సత్రం. ఇప్పుడు అమ్మేదంతా పట్టు కాదు. చీటీ మీద ‘ఇపెక్’ అంటే పట్టు, శాతం చూడండి. ‘విస్కోన్’ అని ఉంటే కృత్రిమ నూలు. ధర్మవరం చీరలు తడిమిన చేతికి చీటీ కూడా అక్కర్లేదనుకోండి.

జుమాలికిజిక్‌కు కెస్తెల్ వైపు వెళ్లే మెట్రో ఎక్కి జుమాలికిజిక్-దెయిర్‌మెనోను స్టేషన్లో దిగండి. పల్లె అక్కడి నుంచి ఎగువన ఉంది, మినీబస్సు ఎక్కవచ్చు, లేదా నడవచ్చు. బుర్సాతో కలిపి 2014లో దీన్ని యునెస్కో జాబితాలో చేర్చారు. తొమ్మిదికల్లా చేరి ‘సెర్ప్‌మె కహ్వాల్తి’ అనే టిఫిన్ చెప్పండి. జున్ను, ఆలివ్‌లు, జామ్‌లు, మీగడ, తేనె, చిన్న చిన్న పళ్లేలతో బల్ల నిండిపోతుంది. ఇద్దరికని చెబితే ముగ్గురు తింటారు. తర్వాత జిన్ అరాలి సందు వెతకండి, మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత ఇరుకు. తలుపులు తెరిచున్నంత మాత్రాన లోపలికి తొంగిచూడకండి. గడపలో కూర్చున్న అవ్వను అడక్కుండా ఫోటో తీయకండి.

భూకంపం, అనారోగ్యం

2023 ఫిబ్రవరి 6 నాటి భూకంపాలు దక్షిణ, ఆగ్నేయ ప్రాంతాలను కూల్చాయి. అంతాక్యా పాత ఊరు దాదాపు నేలమట్టమైంది, అంతకు ముందటి గైడు పుస్తకాలను ఆ ప్రాంతానికి నమ్మకండి. మన దారి దానికి దూరమే, కానీ ఉత్తర అనతోలియా భ్రంశ రేఖకు దూరం కాదు. చేయగలిగింది చిన్న పనే: రాత్రి మంచం పక్కన బూట్లు, టార్చి, పాస్‌పోర్టు ఒకే చోట ఉంచండి. ఊగితే మెట్ల మీదికి పరుగెత్తకుండా బల్ల కింద తల దాచుకోండి, ఆగాక బయటికి రండి. ‘తోప్లన్మా అలాని’ అని ఆకుపచ్చ బోర్డున్నది జనం గుమికూడే సురక్షిత స్థలం. పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపకం అన్నిటికీ 112. రాత్రి మందులు కావాలంటే ఏ ‘ఎజానె’, అంటే మందుల కొట్టు, తలుపు మీదైనా ఆ రాత్రి తెరిచుండే కొట్టు పేరు అంటించి ఉంటుంది. మీ మాత్రలు మాత్రం డాక్టరు చీటీతో, పట్టీల్లోనే తీసుకెళ్లండి.

తిరుగుదారి

బుర్సా రేవు ముదాన్యా నుంచి ఇస్తాంబుల్ ఎమినోను వైపు పడవ సుమారు రెండు గంటలు. లోదోస్ అనే దక్షిణపు గాలి లేస్తే పడవలు రద్దు చేస్తారు, శరదృతువులో, చలికాలంలో ఇది మామూలే. ముందు రాత్రి సైటు చూడండి. రద్దయితే ఒస్మాన్‌గాజీ వంతెన మీదుగా వెళ్లే బస్సు ఎక్కండి, సబీహా గోక్చెన్ ఎయిర్‌పోర్టుకు నేరుగా వెళ్లేవీ ఉన్నాయి. ఏదేమైనా పడవ దిగిన రోజే విమానం పెట్టుకోకండి, మధ్యలో ఒక రాత్రి ఉంచండి. మీ విమానం యూరప్ వైపు ఎయిర్‌పోర్టు నుంచా, ఆసియా వైపు సబీహా నుంచా అన్నది టికెట్లో మరోసారి చూసుకోండి. రెండింటి మధ్య ఊరంతా దాటాలి.

సామాను సర్దేటప్పుడు దారిలో ఏరుకున్న పెంకు ముక్క, సంతలో కొన్న పాత నాణెం, చెక్కిన రాయి లాంటివి ఉంటే తీసేయండి. 2863 నంబరు చట్టం కింద పురావస్తువులు దేశం దాటించడం నేరం, తెలియదంటే వదలరు. పాత తివాచీ కొంటే అది పురావస్తువు కాదని మ్యూజియం ఇచ్చే పత్రం అమ్మినవాళ్ల దగ్గరే అడిగి తీసుకోండి. లోకుమ్ (టర్కిష్ డిలైట్ మిఠాయి) డబ్బాలు, కుంకుమపువ్వు సీసా చేతిసంచిలో పెట్టుకోవచ్చు.